బొడ్డు, కుట్టు, దెబ్బ

ఈశ్వరమ్మ. అప్పటికి నలభై మూడేళ్లు. ఊడ్చేటప్పుడు నేల మీద ఏది దొరికినా వెలుతురుకి పట్టి చూసిగానీ చెత్తలో వేసేది కాదు. గుండీ అయినా అంతే, గాజుముక్క అయినా అంతే. నువ్విప్పుడు ఆ గోళీని కిటికీకి పెట్టి ఒక కన్ను మూశావు చూడమ్మాయ్, అచ్చం అలాగే. అందుకే ఆ పేరు నోటికొచ్చేసింది. ఎక్కడ దొరికింది నీకది? మెట్ల కిందా? ఈ తార్నాకలో ఎక్కడ తవ్వినా ఒక గోళీ దొరుకుతుందిలే, అప్పట్లో అన్నీ ఖాళీ స్థలాలే, అన్నిట్లోనూ మగపిల్లలే. ఇటివ్వు. నా కళ్లు ఇప్పుడంత బాగా లేవు గానీ గోటితో చూస్తాను. ఊఁ. బొడ్డు లేదు. ఇక్కడ సన్నగా కుట్టు ఉంది, తగిలిందా? దీనికి సరిగ్గా ఎదురుగా అవతలి వైపు ఇంకోటి ఉండాలి. ఉంది. మిషను గోళీ ఇది. నాకెలా తెలుసంటావేంటి, అదే చెబుతున్నాగా, ఈశ్వరమ్మ అని.

జమ్మలమడుగు వైపు మనిషి. మొగుడు యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంటుకే అటెండరు, కామెర్లొచ్చి పోయాడు. ఆ ఉద్యోగం ఈమెకి ఇచ్చారు, ఇచ్చారంటే సగం ఇచ్చారు. మొగుడు చేసినప్పుడు అటెండరు, ఆమె చేసేసరికి ఊడ్చే మనిషి. పని అదే, చీపురొక్కటి అదనం. నేనప్పుడు టైపిస్టుని. ఇరవై ఆరేళ్లు, అడిక్‌మెట్‌లో మా పిన్ని వాళ్లింట్లో ఒక గది, అక్కణ్ణించి నడుచుకుంటూ వచ్చేదాన్ని. దారిలో చెట్ల కింద కుర్రాళ్లు కూర్చుని ఈలలు వేసేవాళ్లు, వాళ్లలో కొందరు ఇప్పుడు పెద్ద పెద్ద... సరే, వాళ్ల సంగతెందుకు. డిపార్ట్‌మెంటు మొత్తానికి కుర్చీ ఉన్న ఆడది నేనొక్కదాన్నే. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాను దాని దగ్గరికి.

అరవై ఏడు జూన్‌లో ఒక ట్రంకు పెట్టె వచ్చింది. మాది రాళ్లు చదివే డిపార్ట్‌మెంటు కదా, కింద చిన్న మ్యూజియం ఉండేది, గాజు బీరువాల్లో రాళ్లు, రాళ్ల పక్కన చీటీలు. రిటైరైన ముసలి ప్రొఫెసరొకాయన పోతే, ఆయన భార్య ఆ పెట్టె పంపించింది. జీవితమంతా ఆయన పోగుచేసుకున్న రత్నాలనుకుంది పాపం. తెరిస్తే ఏముంది, గోళీలు. ఆరువందల పన్నెండు. ముప్ఫై ఏళ్ల పాటు ఆ మహానుభావుడు దేశం మీద తిరిగి, పిల్లల దగ్గర పిప్పరమెంటు బిళ్లలూ బిస్కట్లూ ఇచ్చి గోళీలు కొన్నాడన్నమాట. పెళ్లానికి ఒక్క ముక్క చెప్పకుండా. మా హెడ్డు రంగనాథ్ గారు నవ్వి ఊరుకోకుండా, గాజు కూడా మన సబ్జెక్టేనయ్యా, ఇవి వరస పెట్టి ఒక బీరువా కేటాయిద్దాం అన్నారు. ఆ పని సోమయాజులు గారి మీద పడింది. లెక్చరరు. మంచివాడే. గట్టిగా మాట్లాడ్డం ఎరగడు, తెల్ల చొక్కా మీద ఎప్పుడూ ఇంకు చుక్క. ఇలాంటి మంచివాళ్ల గురించే నీకు చెబుతున్నాను, చెడ్డవాళ్లను చూస్తే ఎవరైనా గుర్తుపడతారు.

ఆయనేం చేశాడంటే, తూకం వేశాడు. నీళ్లలో ముంచి కూడా తూచాడు. అన్నీ గాజే కదా, అన్నీ ఒకటే వచ్చాయి. ఇక రంగుల వారీగా పోగులు పెట్టాడు. ఎర్రవన్నీ ఒక చోట, పచ్చవన్నీ ఒక చోట, కూరగాయల కొట్టులాగా. ఒకరోజు ఒక నీలం గోళీ దొర్లి బీరువా కిందికి పోయింది. ఈశ్వరమ్మ ఊడుస్తూ తీసింది, కిటికీకి పట్టి చూసింది, తీసుకెళ్లి తెల్లవాటి ట్రేలో వేసింది. నేనక్కడే ఉన్నాను. ఆయన ఓపిగ్గానే అన్నాడు, ఏమమ్మా, నీలం కనపడ్డం లేదా అని. ఆమె చీపురు గోడకానించి, రంగుదేముంది సార్, రంగు ఎవురైనా ఏస్తారు, ఇది పుట్టిన తీరూ వాటి తీరూ ఒకటే అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అదీ మొదలు.

ఆమెకెలా తెలుసని నేనూ అడిగాను. నలుగురు అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్లట. ఆడపిల్ల గోళీ వేస్తే వేళ్లు వంకరపోతాయని వాళ్ల జేజి, అదే నాయనమ్మ, ముట్టుకోనిచ్చేది కాదు. ఆడటానికి ముట్టుకోకూడదు, కడగటానికి ముట్టుకోవచ్చు. ఎంత బాగుందో చూడు శాస్త్రం. పొద్దుగూకి నలుగురూ మట్టి గోళీలు ఒకే తట్టలో గుమ్మరించి పోతే, ఈ పిల్ల బావి దగ్గర కూర్చుని కడిగి, ఎవడివి వాడికి వేరు చేసి ఇవ్వాలి. ఒకడిది ఇంకొకడికి పోయిందా, మొట్టికాయ. మద్రాసు నుంచొచ్చిన సీమగోళీలు, సోడాబుడ్లు పగలగొట్టి తీసినవి, అన్నీ కలిసిపోయి ఉండేవిట. మనమంతా బళ్లో బెత్తం తిని నేర్చుకున్నాం, ఆమె నెత్తిన మొట్టికాయలు తిని నేర్చుకుంది. తెలుగు బడి అయిదో తరగతితో సరి. ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు.

ఆమె లెక్క ఇదీ. గోళీ తిప్పితే ఒకచోట గరుగ్గా చిన్న మచ్చ తగిలితే అది బొడ్డు. చేత్తో చేసేవాళ్లు గాజు కడ్డీ చివర గోళీ చేసి తుంచుతారు కదా, ఆ తుంచిన చోటు. బొడ్డు ఉంటే చేతి గోళీ. మిషను గోళీకి బొడ్డుండదు, కుట్టుంటుంది. మిషను కత్తెర కాలే గాజుముద్దని ఇటొకసారీ అటొకసారీ తెంచుతుంది, ఆ రెండు చోట్లా సన్నటి గీత, అక్కడ రంగు చారలన్నీ వచ్చి ముడిపడతాయి. చార ముడిపడకుండా ఈ కొసనుంచి ఆ కొసకి మెలి తిరుగుతూ పోతే అది జడ. లోపల రేకులుంటే పిల్లికన్ను, ఆ రేకులు మూడా నాలుగా ఆరా చూడాలి. నిండా బుడగలుండి ఒకటే పచ్చగా ఉంటే సోడాబుడ్డిది. సోమయాజులు గారు ఊదారంగు లైటొకటి తెచ్చి చీకట్లో పెడితే కొన్ని గోళీలు మిణుగురుల్లా పచ్చగా వెలిగాయి, ఆ ఒక్కటీ ఆయన కలిపింది. ఆరోజు ఆమె మొహం చూడాలి నువ్వు. నలభై మూడేళ్లావిడ, నోరు తెరిచి.

అన్నిటికంటే తిప్పలు పెట్టింది దెబ్బ. గోళీకి గోళీ తగిలితే నెలవంకలాగా పెచ్చు లేస్తుంది. సోమయాజులు గారు జీవితంలో ఎప్పుడూ గోళీ ఆడినవాడు కాదు, అరుగు మీద కూర్చుని మంత్రాలు వల్లించిన బాల్యం. దెబ్బ కనపడగానే, ఇదిగో బొడ్డు, చేతి గోళీ అనేవాడు. ఆమె రోజూ తీసి పక్కన పెట్టేది. ఒకసారి చాలా నిదానంగా చెప్పింది. ఇప్పటికీ చెవుల్లో ఉంది నాకు.

"బొడ్డంటే పుట్టినప్పటిది సార్. దెబ్బంటే ఆడినప్పటిది. రెండూ ఒకటే అంటే ఎట్ల?"

నాలుగు నెలలు పట్టింది. ఊడ్చటం అయ్యాక, మధ్యాహ్నాలు, నేల మీద చాప వేసుకుని కూర్చునేది. కుర్చీ లేదు కదా. ఆమె చెబుతూ ఉంటే నేను తెలుగులో రాసుకునేదాన్ని, ఆయన ఇంగ్లీషు చేసేవాడు. నలభై ఒక్క ట్రేలు, ఏ ట్రేలో ఏ రకమో చెప్పే ఒక పట్టీ. నవంబరులో రంగనాథ్ గారు కిందికొచ్చి అన్నీ చూసి, మన మ్యూజియానికి ఒక అసిస్టెంటు పోస్టు అడుగుతున్నాను, ఈ పట్టీ ఎవరు చేశారో వాళ్ల పేరు కింద పెట్టి పైకి పంపండి, ఆ మనిషికే అడుగుదాం అన్నారు. ఈశ్వరమ్మ టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని అక్కడే ఉంది. ఆయన వెళ్లాక నా దగ్గరికొచ్చి, ఆ పనికి కుర్చీ ఉంటాదా మ్మా అని అడిగింది. ఉంటుంది ఈశ్వరమ్మా, బల్ల కూడా ఉంటుంది అన్నాను. కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు సోమయాజులు గారి మాట విను, ఎంత మర్యాదగా ఉంటుందో. చూడండి కామాక్షి గారూ, ఊడ్చే మనిషి పేరు పెట్టి పంపితే పైన నవ్వుతారండీ, పట్టీనే తీసి పారేస్తారు. అప్పుడు ఆవిడకీ రాదు, మ్యూజియానికీ రాదు. ముందు నా పేరు పెట్టి పంపుదాం, పోస్టు శాంక్షనయ్యాక ఆవిడ సంగతి నేను చూసుకుంటాను. ఒక్క మాట కోపంగా లేదు చూడు. నేను టైపు కొట్టాను. నాలుగు కార్బన్లు. అడుగున పెద్దక్షరాల్లో ఆయన పేరు. నా ఉద్యోగం అప్పటికి టెంపరరీయే, ఆయన కాదంటే పోతుందని భయం, అదొకటి. అదొక్కటే అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. కుర్చీ ఉన్న ఆడది నేనొక్కదాన్నే అన్నాను కదా ఇందాక. రెండో కుర్చీ వేస్తారంటే నాకు... ఏమో. పెద్దదాన్నయ్యాక తెలిసింది, మనల్ని తొక్కేవాళ్లకి పెద్ద శ్రమేం ఉండదమ్మాయ్, ఒక్క కుర్చీ వేసి ఒకదాన్ని కూర్చోబెడితే చాలు, మిగతా కాపలా అదే కాస్తుంది.

సాయంత్రం ఆమె వచ్చింది. చేతులు కడుక్కుని, తడి తుడుచుకుని మరీ వచ్చింది, కాగితానికి మరక అంటకూడదని. చదువు మ్మా అంది. చదివాను. మొదటి ట్రే నుంచి నలభై ఒకటో ట్రే దాకా, ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాను. తలూపుతూ వింది. ఒకచోట ఆపి, జడ వాటిల్లో ఎడమకి తిరిగేటివి వేరే రాసినారు గదా అని కూడా అడిగింది. చివరికొచ్చాను. ఇంగ్లీషు రాని మనిషి కదా, నా నోరే ఆమెకి కన్ను అనుకున్నాను. పట్టీ చేసినది, ఈశ్వరమ్మ అని చదివాను.

చెయ్యి చాపింది. ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకి పట్టి, ఆ చివరి వరసని అటూ ఇటూ చూసింది. గోళీ చూసినట్టే. ఎంతసేపో చూడలేదు, నేను మాత్రం చచ్చిపోయాను.

"ఇది సోమయాజులు సారు తలుపు మీదుండే రాత గదమ్మా. పాము, దాని పక్కన గోళీ, ఆ పక్కన రెండు కొండలు. నాలుగేండ్ల నుంచి చింతపండేసి తోముతాండా ఆ ఇత్తడి పలకని."

ఎస్, ఓ, ఎం. కాగితం నా బల్ల మీద పెట్టింది, ఎగరకుండా దాని మీద నా టీ గ్లాసు పెట్టింది, వెళ్లిపోయింది.

తెల్లారి నేను వచ్చేసరికి మొగిలి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కొత్త అటెండరు, ఉప్పల్ కుర్రాడు. ఏందమ్మ గిది, ట్రేలన్నీ ఖాళీగున్నయి అంటున్నాడు. లోపల నలభై ఒక్క ట్రేలూ శుభ్రంగా కడిగి గోడకి బోర్లించి ఉన్నాయి. గోళీలన్నీ ట్రంకులో ఉన్నాయి. తళతళా మెరుస్తున్నాయి, ఒక్కటీ పగల్లేదు, ఒక్కటీ తగ్గలేదు. అన్నీ కలిసిపోయి ఉన్నాయంతే. సోమయాజులు గారు మొహం పాలిపోయి, ఇదేంటమ్మా ఇలా చేశావు అన్నాడు. ఆమె వరండా ఊడుస్తోంది, ఆపలేదు కూడా.

"దుమ్ము పట్టినాయి సార్, కడిగినా. సర్దుకోండి. పట్టీ మీదే గదా."

పదిరోజులు కూర్చున్నాడాయన, ఒక చేతిలో పట్టీ, ఒక చేతిలో గోళీ. నిజం చెప్పు అంటే చెబుతాను, నాకు జాలేసింది. చివరికి మళ్లీ రంగుల వారీగానే సర్దాడు, దెబ్బలు తగిలినవన్నీ చేతి గోళీల ట్రేలో పెట్టాడు, పైన అద్దం వేసి తాళం వేశాడు. చూడ్డానికి పెద్దపెద్దవాళ్లొచ్చారు, అద్భుతం అన్నారు. ఒక్కడికీ అనుమానం రాలేదు. పోస్టు మాత్రం రాలేదు. అడిగారు, అదుగో ఇదుగో అన్నారు, ఈలోగా అరవై తొమ్మిది గొడవలొచ్చాయి, క్యాంపస్సే మూతపడింది, ఆ ఫైలేమయిందో ఎవడికీ తెలీదు. రాని కుర్చీ కోసం చదివాను నేను ఆ అబద్ధం.

ఆమె నాతో మాట్లాడ్డం మానలేదు, అలా అనుకోకు. రోజూ టీ తెచ్చేది, గ్లాసు తీసుకెళ్లేది. కాకపోతే ఆరోజు నుంచి మ్మా అనలేదు. మేడమ్ అంది. అక్కడ నన్ను మేడమ్ అన్న మనిషి అప్పటిదాకా లేరు. ఎంత గౌరవమో అది... ఇదిగో, గోళీ తీసుకో, నా దగ్గరెందుకు. టీ చల్లారిపోయింది, మళ్లీ వేడి చెయ్యనా? వద్దా. నీకు ఎనిమిదో నంబరు బస్సు కావాలంటే ఇప్పుడే వెళ్లాలి, ఆరైతే కాలు పెట్టనివ్వరు.

తర్వాతా? తర్వాతేముంది. ఈశ్వరమ్మ వారాసిగూడలో ఏడో తరగతి ప్రైవేటుగా కట్టింది. డెబ్బై ఒకటిలో ఇంగ్లీషు టైపు లోయరు పరీక్ష పాసయింది.