తొకుజి గీసిన ముద్దాయి

తకమత్సులో కోర్టు వెనక సందులో కినుయొ నడిపే ఉడాన్ నూడుల్స్ కొట్టుకి పొద్దున్నే అందరూ తినడానికి వస్తారు, ఒక్క తొకుజి మాత్రం మాట్లాడటానికి వస్తాడు. ముప్పై ఏళ్ళుగా కోర్టు బొమ్మలు గీస్తున్న మనిషి. విచారణకి ముందు కెమెరాలని రెండు నిమిషాలు లోపలికి రానిచ్చి పంపేస్తారు. ముద్దాయి వచ్చేది ఆ తర్వాతే. అతని మొహం ఊరికి తెలియాలంటే తొకుజి పెన్సిలే దిక్కు. అలాంటి తొకుజిని ఏడాదిగా ఎవరూ పిలవలేదు.

ఈవేళ టీవీవాళ్ళ అమ్మాయి హమురా వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. రేపు మొదలయ్యే హత్యకేసుకి ఈయన్ని పంపాలా, ఒకయామా నుంచి ఎవరో కుర్రాణ్ణి రప్పించాలా అన్నది ఆమె చేతిలో ఉంది. ఈసారీ పిలుపు రాకపోతే రంగులపెట్టె ఎవరికైనా ఇచ్చేస్తానని తొకుజి నిన్న కినుయొతో అన్నాడు. ఆ గొంతు విని ఆమెకి రాత్రంతా మనసు మనసులో లేదు. అందుకే ఆయన రాగానే చెప్పింది, "అన్నా, నీ పని గురించి చెప్పు చాలు, కోతలు కొయ్యకు" అని. అలాగేనన్నాడు.

"పెద్దగా చెప్పుకోడానికేం లేదమ్మాయ్," అని బుద్ధిగానే మొదలుపెట్టాడు. "మరుగమెలో గోదాము తగలబెట్టిన కేసు ఒకటుంది. ముద్దాయిని తీసుకొచ్చేసరికి పదకొండున్నర దాటింది. పన్నెండింటి వార్తలకి బొమ్మ కావాలి. పక్కవాళ్ళు ఇంకా పెన్సిళ్ళు చూసుకుంటుంటే నేను గీసేసి, బయటికి పరిగెత్తి, వ్యాను బానెట్ మీద పెట్టి రంగులేసి ఇచ్చేశా. అంతే."

ఇది నిజమే. కినుయొ గుండె కుదుటపడింది. కానీ పక్క బల్ల దగ్గరున్న ఒకప్పటి బస్సు డ్రైవరు షినోదా ఊరుకుంటేగా.

"అంత తొందరలో మొహం ఏం కనిపించింది సారూ?"

"మొహమా? తల దించుకుని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడయ్యా వాడు. నాకు కనిపించింది ఒక్క చెవి. చాలదూ? చెవి చూస్తే దవడ తెలుస్తుంది, దవడ తెలిస్తే ముక్కు తెలుస్తుంది, ముక్కు దాకా వచ్చాక ఇంక వాడు చిన్నప్పుడు ఏ చెట్టు మీంచి పడ్డాడో కూడా తెలిసిపోతుంది. బొమ్మలో ఆ గాటు కూడా పెట్టా."

"చెట్టు పెట్టలేదా?" అన్నాడు షినోదా.

"కాగితం చాల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బయట కుండపోత. చినుక్కీ చినుక్కీ మధ్య సందు చూసుకుంటూ పరిగెత్తా, కాగితం మీద ఒక్క చుక్క పడితే ఒట్టు. బొమ్మ టీవీలో వచ్చింది. ఊళ్ళో కుక్కలన్నీ టీవీల ముందు చేరి మొరగడం మొదలెట్టాయి. స్టూడియోలో దీపాల వేడికి బొమ్మకి చెమటలు పట్టాయి. వార్తలు చదివే ఆవిడ చేతిరుమాలు తీసి దాని నుదురు తుడిచింది, పాపం, మంచి మనిషి."

హమురా కలం మూత పెట్టేసింది. అది చూసి కినుయొకి చెమటలు పట్టాయి. "అన్నా, చల్లారిపోతోంది, తిను," అంది. ఆయన వినిపించుకునే స్థితిలో లేడు.

"సాయంత్రానికి చూస్తే కాగితం తెల్లగా ఉంది. బొమ్మ లేచి వెళ్ళిపోయింది. ఎక్కడికి? సరాసరి కోర్టుకి. వెళ్ళి ముద్దాయి పక్కన కూర్చుంది. జడ్జీ గారు ఇటు చూస్తాడు, అటు చూస్తాడు, ఎవరు మనిషో ఎవరు బొమ్మో తేలదు. చివరికి నన్ను పిలిపించి, 'తొకుజి గారూ, వీళ్ళిద్దర్లో మీరు గీసిందెవర్ని?' అని అడిగాడు."

"నన్ను," అన్నాడు గోడవార కూర్చున్న ముసలాయన.

అందరూ అటు తిరిగారు. ఎవరో పొరుగూరి మనిషి. ఇంతసేపూ మెళ్ళో తువ్వాలు చుట్టుకుని తలొంచుకుని తింటున్నాడు. ఇప్పుడు తువ్వాలు తీసేసరికి కోటు మీద వకీళ్ళ బ్యాడ్జీ కనిపించింది.

"నా పేరు అకుట్సు. మరుగమె కేసులో ముద్దాయి తరఫు వకీల్ని. ఆ పొద్దున ఉడాన్ తింటూ పులుసు ఒంటి మీద ఒలకబోసుకున్నా. కోటూ టై విప్పేసి చొక్కాతోనే వెళ్ళి నా మనిషి పక్కన కూర్చున్నా. జైల్లో ఉన్నవాళ్ళకి టై ఇవ్వరు కదా, ఉరేసుకుంటారని. మీ బొమ్మలవాళ్ళంతా టై లేనివాణ్ణే వెతుక్కుంటారు. ఆ కేసులో జనం మధ్యనుంచి కూడా తీర్పరుల్ని కూర్చోబెట్టారు, వాళ్ళ ముందు మర్యాదగా కనబడాలని నా మనిషికి వెనక క్లిప్పుండే టై ఇప్పించింది నేనే. మీరు నన్ను గీసేశారు. నేను చెయ్యేం అడ్డం పెట్టుకోలేదు."

తొకుజి కథ అక్కడితో ఆపేసి గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఈ కొట్లో అలా జరగడం కినుయొ ఇన్నేళ్ళలో చూడలేదు. అయిపోయింది, ఇంక ఒకయామా కుర్రాడే అనుకుంది. ఆమెకి ఏడుపొచ్చింది.

"పన్నెండింటికి టీవీలో వచ్చింది," అన్నాడు అకుట్సు. "పావుగంటకి మత్సుయామా నుంచి మా అత్తగారి ఫోను, మా ఆవిడకి. ఎన్నేళ్ళ శిక్ష పడుతుంది, నిన్ను మా ఇంటికి తీసుకెళ్ళిపోనా అని. సాయంత్రం రేవులో పోలీసు నన్ను ఫెర్రీ ఎక్కనివ్వలేదు, పారిపోతున్నాననుకున్నాడు. ఊరందరూ కలిసి దిగే స్నానాలశాలలో నేను దిగితే తొట్టెలోంచి అందరూ లేచిపోయారు."

హమురా మెల్లగా కలం మూత తీసింది. "ఒక్కసారి టీవీలో చూసి అందరూ గుర్తుపట్టారా?"

"పట్టక? పెళ్ళి ఫొటోలో కూడా నేను అంత నాలా లేను. కేసు చేజారిపోతోందని భయమేస్తే కింది పెదవి లోపలికి పెట్టుకుంటానని మా ఆవిడకొక్కదానికే తెలుసు. ఆ పెదవి కూడా గీశాడీయన. ఆ కేసు ఓడిపోయా. అందరికంటే ముందు కనిపెట్టింది ఈయనే." ఆగి, తొకుజి వంక చూసి అన్నాడు, "ఆ బొమ్మ అడిగి తెచ్చుకున్నాను. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది."

తొకుజి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన చెప్పిన కోతలన్నిటికంటే నిజంగా చేసిందే గొప్పగా ఉందని కినుయొకి అనిపించింది, గర్వంగా కూడా అనిపించింది.

హమురా లేచి బ్యాగు తగిలించుకుంది. "రేపు తొమ్మిదికి కోర్టు గేటు దగ్గరికి రండి, తొకుజి గారూ. ముద్దాయి ఎవరో నేను చూపిస్తాను."

"ఆ శ్రమ మీకెందుకమ్మా," అన్నాడు అకుట్సు, తువ్వాలు మళ్ళీ మెళ్ళో చుట్టుకుంటూ. "రేపటి కేసులోనూ వకీల్ని నేనే. కూర్చోగానే ఆయనకి చెయ్యూపుతాను."