మిషన్ పాతదే, ఆలస్యం దానిది కాదు

సభకు పెద్దగా కూర్చున్న మన పత్తి రైతుల సంఘం అధ్యక్షులు కిషన్ రావు గారికి, ముందు వరుసలో తువ్వాలలు భుజాన వేసుకుని కూర్చున్న రైతు అన్నలకు, వదినలకు, ల్యాబులో నాతో పాటు ఇన్నేళ్లు దూది దుమ్ము మింగిన తోటివారికి నమస్కారం. శాలువా కప్పారు, దండ వేశారు, ఈ అనసూయ గురించి నాకే తెలియని గొప్పలు చెప్పారు. నేను మరీ అంత మంచిదాన్ని కాదు, నమ్మకపోతే వినోదను అడగండి. (నవ్వులు)

నిజం చెప్పాలంటే, నెల కింద ఈ రిటైర్మెంటు సభ మాట ఎత్తి ఉంటే వద్దనేదాన్ని. అవి దసరాకు ముందు రోజులు. యార్డులోకి పత్తి రావడం మొదలైంది. పింజ పొడవు, బలం చూసే మన మిషన్‌కు అప్పుడే కొత్త కంప్యూటర్ పెట్టాం, దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా కొత్తదే. పాతది రోజుకోసారి మొరాయిస్తుంటే మార్చాల్సిందేనని పట్టుబట్టింది వినోద. ఆమె కాంట్రాక్టు మీద పనిచేస్తున్న పిల్ల. నా తర్వాత నా కుర్చీలో ఆమే కూర్చోవాలని నేను ఎప్పుడో అనుకున్నాను. తీరా కొత్తది పెట్టాక, టీ తాగేలోపు వచ్చే రిపోర్టు భోజనం చేసి వచ్చినా రావడం లేదు. రిపోర్టు వస్తే గానీ పత్తికి ధర కట్టరు, బయట బండ్లు బారులు తీరాయి. ఇదిగో, ఈ వెంకట్రాజం అన్న కిటికీలోంచి తొంగిచూసి, "అక్కా, నీ మిషిన్ పండుకున్నదా ఏంది, జర లేపరాదు" అన్నాడు. నవ్వకు అన్నా, అన్నది నువ్వే. (నవ్వులు)

అధ్యక్షుల వారు మాత్రం నవ్వలేదు. ఆయన ఎదుటే చెప్తున్నాను, ఏమీ అనుకోరు. "అనసూయమ్మా, మంచిగ నడిచేదాన్ని చెడగొట్టుకున్నం. ఆ పిల్ల మాట ఇని తప్పు చేసినం. కాంట్రాక్టు ఎట్లాగూ అయిపోతాంది గదా, ఇగ చూద్దాం" అన్నారు. ఈ సంఘంలో 'చూద్దాం' అంటే ఏమిటో నాకు తెలియదా? ఆ పూట అన్నం సహించలేదు. నేను దండ వేయించుకుని ఇంటికి పోవడం, ఆ పిల్ల ఉద్యోగం పోయి ఇంటికి పోవడం, రెండూ ఒకే నెలలోనా అనిపించింది.

కంప్యూటర్ షాపు హరీష్ వచ్చాడు. పాపం, అతడు చేయని వైద్యం లేదు. యాంటీవైరస్ తీసి చూశాడు, ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించాడు, చివరికి "కంప్యూటర్ మంచిగనే ఉన్నది మేడం, మీ మిషినే ముసల్దయింది" అని తేల్చాడు. ముసలివాళ్ల మీద నెట్టేయడం అందరికీ సులువే. (నవ్వులు) నేనూ నమ్మాను.

అంతలో ఆయుధ పూజ వచ్చింది. దూది దుమ్ముకు భయపడి మనం మిషన్ మీద ముసుగు తీయమని మీకు తెలుసు. ల్యాబు ఊడ్చే కట్టమ్మ కుట్టిన ముసుగు అది. నమూనా పెట్టే చోటు తప్ప అంతా కప్పే ఉంటుంది. అంకెలు కంప్యూటర్‌లోనే చూసుకుంటాం కాబట్టి ఆ మిషన్ మొహం చూసి ఎన్నాళ్లయిందో. పూజనాడు కట్టమ్మ ముసుగు తీసి, శుభ్రంగా తుడిచి, పసుపు కుంకుమ పెట్టింది. పూజ చేశాక ఒక్కసారైనా నడిపించాలి గదా అని వినోద ఒక నమూనా పెట్టింది. మిషన్‌కే ఉన్న చిన్న తెర మీద, కుంకుమ బొట్టు పక్కన, అంకె టక్కున పడింది. కంప్యూటర్ మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉంది. వినోద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మేడం, ఇది ఎప్పుడో చెప్పేసింది. నడుమ ఏదో ఆపుతాంది."

నడుమ ఉన్నది ఒక్క కేబులే. కొత్త కంప్యూటర్‌కు పాత రకం సాకెట్ లేదని పెట్టిన కన్వర్టర్ కేబుల్ అది. హరీష్‌ను పిలిచి, ముగ్గురం దాని సెట్టింగులు తెరిచి చూశాం. మిషన్ చెప్పేవన్నీ చిన్న చిన్న ముక్కలు. ఈ కేబుల్ ఏమో మన హసన్‌పర్తి షేర్ ఆటోలాగా ఒక్కరెక్కితే కదలదు, ఇంకొకరు వస్తారేమోనని ఆగుతుంది. ఆగేది రెప్పపాటు కూడా కాదు. కానీ ఒక ముక్క చేరితే గానీ మిషన్ రెండోది పంపదు, ఒక్కో నమూనాకు అలాంటివి వేలు. ఆగే సమయాన్ని బాగా తగ్గించి మళ్లీ నడిపించాం. రిపోర్టు వచ్చేసింది.

వినోద ఏడ్చింది. కట్టమ్మ "పూజ చేసినందుకే" అన్నది, నేను కాదనలేదు. హరీష్ "ముసల్దన్న గదా మేడం, మాఫ్ చేయుండ్రి" అన్నాడు. నాకెందుకు నాయనా, దానికి చెప్పు అన్నాను. (నవ్వులు)

కిషన్ రావు గారూ, మొన్న మీరు వినోద కాంట్రాక్టు పొడిగించారు. ఈ శాలువా కంటే నాకు అదే ఎక్కువ. ఆ మాట విన్నాకే కంటినిండా నిద్రపోయాను.

ఈ పొద్దున చివరిసారి ల్యాబుకు పోయాను. బండ్లు వస్తున్నాయి, రిపోర్టులు పోతున్నాయి. ఎవరైనా "మేడం, జర ఇటు రాండ్రి" అంటారేమోనని మూలన కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక్కరూ పిలవలేదు. మొదట కొంచెం కష్టమనిపించింది, అబద్ధమెందుకు. తర్వాత మనసు తేలికైంది. లేచి బయటికి వచ్చేశాను. వినోదకు తలెత్తే తీరిక లేదు, అందుకే చెప్పి రాలేదు.

ఇన్నేళ్లు నన్ను ఓర్చుకున్న మీ అందరికీ కృతజ్ఞతలు. వినోదా, పొద్దున చెప్పలేదు గదా, ఇప్పుడు చెప్తున్న. ఇగ నాకు సెలవు, పోయొస్త బిడ్డా.