ప్రమాద గీత

వంతెన స్తంభం పక్కన పడవ ఆపి, పెయింటరు ఎర్రరంగులో బ్రష్షు ముంచాడు. గొడుగు కింద దర్జాగా కూర్చున్నాడు అతని అక్కమొగుడు, వరదల ఆఫీసరు.

“బావా, పాత ప్రమాద గీత నీళ్ళలో మునిగిపోయింది.”

“అందుకేగా నిన్ను తెచ్చింది! పైన ఇంకోటి గియ్యి.”

“పోయినేడూ ఇదే చెప్పావు. నది పెరుగుతోందని ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?”

“ఒప్పుకుంటే ఊరంతా ఖాళీ చేయించాలి. గీత దాటలేదంటే అందరూ హాయిగా నిద్రపోతారు.”

“ఇంకాస్త పైకి గీస్తే వంతెన మీద బస్సులకి అంటుకుంటుంది రంగు.”

“వెటకారాలు చాలు, గియ్యి.”

“సరేలే. సాయంత్రం అక్క చేతి కాఫీకి వస్తా.”

“అక్క లేదుగా. నిన్ననే పిల్లల్ని తీసుకుని కొండ మీద మా అన్నయ్యింటికి వెళ్ళిపోయింది.”

పెయింటరు చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

“మరి గట్టు మీదుండే మాకు చెప్పలేదేం?”

“ఎట్లా చెప్తానురా? ప్రమాదం లేదని సంతకం పెట్టింది నేనేగా!”