గొలుసుకర్ర వదిలేసిన శుక్రవారం

"తాతా, రేపు మా కాలేజీలో కబడ్డీ. నన్ను అంపైర్‌గా ఉండమన్నారు. ఒక టీమంతా మా హాస్టల్ పిల్లలే. నాకు భయంగా ఉంది. నువ్వు ఖతర్‌లో ఏదో ఆటకు కర్ర పట్టుకున్నావంట గదా, అమ్మ చెప్పింది. ఏందది?"

కర్రా? ఓ, ఆ గొలుసుకర్రా! మీ అమ్మకు ఇంకా గుర్తుందే అది! రా పాపా, ఆ కుర్చీ ఇట్ల లాక్కో. మీ అవ్వ యాడుంది, లోపలనా? ఉండనీలే. ఈ ముచ్చట ఆమె శానా సార్లు విన్యాది, మళ్ళా మొదలుపెడితే లేచి అవతలికి పోతుంది.

అప్పుడు నేను డ్రైవర్ని. మన రాయచోటి పక్కనుంచి గల్ఫుకు పోయినోళ్ళు సగంమంది డ్రైవర్లే గదా. తొంభైల్లో మాట ఇది. మీ అమ్మ టీచర్ ట్రైనింగ్ చదువుతాండె... కాదు కాదు, ఇంకా ఇంటరే. ఊర్లో వాళ్ళకు నేను ఖతర్‌లో ఉండానంటే తెలిసేది కాదు. "సుబ్బయ్య కువైట్‌లో ఉండాడు" అనేవాళ్ళు. మనోళ్ళకు సముద్రం దాటితే అంతా కువైటే.

నాకు తగిలింది అమెరికా దొర ఇల్లు. గ్లెన్ సార్ అని, మెసయీద్‌లో ఫ్యాక్టరీలో పెద్ద ఇంజినీరు. మంచోడే, కాకపోతే కోపం ముక్కుమీదుంటుంది. తెల్లారి ఆయన్ను మెసయీద్‌లో దింపల్ల, తిరిగొచ్చి ఆయన కొడుకు కోడీని స్కూల్లో దింపల్ల. ఆ పిల్లోడు నా నడుం ఎత్తున్నప్పటినుంచీ నా బండిలోనే పెరిగినాడు. వెనకసీట్లో కూర్చోమంటే కూర్చోడు. నా పక్కనే కూర్చుని నా డబ్బాలో బొరుగుల ఉగ్గాని తినేవాడు పాపా! కారం అని కండ్లలో నీళ్ళు పెట్టుకుంటా, ఇంకా పెట్టమని చెయ్యి సాపేవాడు. నా కడుపున పుట్టినోడి మాదిరి సూసుకున్యా వాన్ని. చెప్పడానికి సిగ్గేముంది.

సరే, ఆట సంగతి. వాళ్ళు ఫుట్‌బాల్ అంటారు గానీ కాలితో తన్నేది తక్కువ. కోడిగుడ్డు మాదిరి బంతి, దాన్ని సంకలో పెట్టుకుని ఉరకడం, ఎదురొచ్చినోడు గుద్ది కింద పడేయడం. భుజాలకు దిండ్ల మాదిరి కట్టుకుంటారు, నెత్తిన గట్టి హెల్మెట్, మూతికి ఇనప జాలీ. మన కబడ్డీలో కూత ఉంటుంది సూడు, అట్ల వాళ్ళకు నాలుగు కూతలనుకో. ఆ నాలుగు కూతల్లో పది గజాలు ముందుకు పోవల్ల. పోయినారా లేదా అని కొలవడానికి రెండు కర్రలు, మధ్యలో గొలుసు. శుక్రవారం సాయంత్రం ముఐథర్ దగ్గర మట్టి మైదానంలో ఆడేవాళ్ళు. మెసయీద్ పిల్లోళ్ళు ఒక పక్క, దోహా పిల్లోళ్ళు ఒక పక్క. అందరూ పదారు పదిహేడేండ్లోళ్ళు. మేం డ్రైవర్లం, పనోళ్ళం ఊరకే నిలబడి ఉంటిమి గదా, రెఫరీ డేల్ సార్ వచ్చి నా చేతిలో ఒక కర్ర, రాజన్న చేతిలో ఒక కర్ర పెట్టినాడు.

రాజన్నంటే కరీంనగర్ పక్కోడు, మా దొరలుండే కాంపౌండ్‌లో తోటపని. ఇంకొకాయన ఆనందం గారు, అమలాపురం ఆయన, కంపెనీ ఆఫీసులో క్లర్కు. అక్కడ సెలవు శుక్రవారమే గదా, ఆ పొద్దే ఏసు ప్రార్థన కూడా, అది కాంగానే ఇస్త్రీ చొక్కాతోనే వచ్చేసేవాడు. ఆటంటే అంత పిచ్చి. డేల్ సార్ దగ్గర రూల్స్ బుక్కు అడిగి తెచ్చుకుని చదివినాడు కూడా.

ఆ యేడు గొడవంతా ఒకే రూలు మీద. హెల్మెట్‌తో ఎదుటోన్ని పొడవకూడదు. భుజంతో గుద్దు, చేతుల్తో పట్టుకో, తలతో మాత్రం పొడవొద్దు. పొరపాటున తగిలితే పదైదు గజాలు పోతాయి. కావాలని పొడిస్తే ఆటలోంచి బయటికి. అయితే కావాలనో పొరపాటో ఎవరు చెప్పల్ల? అదీ రచ్చ. గురువారం సాయంత్రం దోహా జదీద్‌లో మలబారోళ్ళ, అదే కేరళోళ్ళ చాయ్ అంగడి ముందర కూర్చుంటే మా ముగ్గురికీ అదే పని. చాయ్ అర్ధ రియాలు, వాదన ఫ్రీ.

"ఎవని మనసుల ఏమున్నదో ఆయనకెట్ల ఎరుకైతది? ఆయన దేవుడా?" అనేవాడు రాజన్న.

"బుక్కులో 'కావాలని' అనే రాసుందండీ రాజన్నగారూ. మనసు కనపడదు కాబట్టే రెఫరీ అనేవాణ్ణి పెట్టేరు. కనపడితే ఆయనెందుకండీ, ఈల ఒకటి కొనుక్కుంటే సరిపోదూ!" అనేవాడు ఆనందం గారు.

నేనేం తక్కువ తిన్యానా? నేను పొట్టేళ్ళ పందెం తెచ్చినా. "పొట్టేలు పొడిచే ముందర తల దించుతుంది. తల దించితే కావాలనే. దానికి మళ్ళా బుక్కెందుకు?" అన్యా. అప్పుడు నాకు అదే పెద్ద తెలివి. రాజన్న నవ్వి, "అన్నా, మబ్బుల పిడుగు పడ్డా తల దించుతరు. గది గూడ పొడుసుడేనా?" అన్యాడు. చాయ్ చల్లారింది అని మాట మార్చినా.

గ్లెన్ సార్ లెక్క ఇంకొకటి. బండిలో కొడుక్కు చెప్పేవాడు, "హెల్మెట్ ఉండేదే దానికి, భయపడకుండా గుద్దు" అని. డేల్ సార్ ఒకసారి ఆయనకు నా ముందరే చెప్పినాడు, "గ్లెన్, హెల్మెట్ పెద్దదైతే ధైర్యం పెద్దదైతుంది. మెడ మాత్రం అంతే ఉంటుంది" అని. అది నాకు తలకెక్కింది. కొత్త ల్యాండ్ క్రూజర్ ఇచ్చినాక నేనూ స్పీడెక్కువ తోల్తాంటి. బ్రేకులు బాగుండాయని. గ్లెన్ సార్ వినలా. ఆయన విన్యట్టుంటే నేను నీకు చెప్పేదానికి ఏముంటుంది!

ఇంగ ఆ శుక్రవారం. చలికాలం, ఎండ మెత్తగా ఉంది. అవతలి జట్టులో జేసన్ అని సన్నపిల్లోడు, బంతి పట్టుకుని నా కర్ర పక్కకే ఉరికొస్తాండాడు. కోడీ ఎదురుపోయినాడు. ఆఖర్లో తల దించినాడు పాపా, నేల సూసినాడు. నెత్తిన హెల్మెట్ పోయి జేసన్ దవడ కింద తగిలింది. ఆ శబ్దం... కొబ్బరికాయ బండకేసి కొట్టినట్లు. జేసన్ అట్లనే యెనక్కి పడినాడు. చేతులు బిగుసుకుని వణుకుతాండాయి.

నాకు ఇంకేం తోచలా. మన ఊర్లో ఫిట్స్ వచ్చినోడికి ఏం చేస్తాం? చేతిలో ఇనుము పెడతాం గదా, తాళాలో కొడవలో. నేను జేబులో బండి తాళాల గుత్తి తీసి ఉరికినా. ఉరికినా సరే, చేతిలో కర్ర వదల్లా! ఆ కర్రకు గొలుసు, గొలుసుకు అవతల రాజన్న. వాన్ని ఈడ్చుకుంటా మైదానం మధ్యకు పోయినా. "ఓ సుబ్బన్నా, ఆగే, సచ్చిపోత!" అని వాడు బొక్కబోర్లా పడినాడంట, నాకు వినపడితే గదా. జేసన్ పిడికిలి విప్పి తాళాలు పెట్టి మూసినా. అప్పుడు కర్ర వదిలేసినా. కోచ్ వచ్చి నన్ను యెనక్కి తోసినాడు. ఇంతలో పిల్లోడు కండ్లు తెరిచినాడు. కాళ్ళు కదిలించమంటే కదిలించినాడు. నేను నా తాళాల మహిమే అనుకున్యా. మెడ కదలకుండా పట్టుకుని, చెక్కమీద పడుకోబెట్టి, స్కూలు వ్యాన్‌లో క్లినిక్‌కు తీసకపోయినారు.

కోడీ తెల్లగా అయిపోయినాడు. మామూలుగానే తెల్లోడు, ఇంకా తెల్లగా.

డేల్ సార్ ఆ క్షణంలో అడ్డం పడిన ఇంకో పిల్లోని యెనకుండాడు. తగలడం సూసినాడు గానీ తల సంగతి సూళ్ళా. పసుప్పచ్చ గుడ్డ ఇసిరినాడు, అది పడితే తప్పు జరిగిందని గుర్తు. ఎంత తప్పో తేల్చల్ల. గ్లెన్ సార్ మైదానంలోకి వచ్చేసినాడు. "పొరపాటు, వట్టి పొరపాటు! కావాలంటే నా డ్రైవర్ని అడుగు. పక్కనే ఉండాడు. సుబ్బయ్యా, చెప్పు!"

చూడు పాపా, ఎట్ల ఇరుక్కున్యానో. నా వీసా ఆయన చేతిలో. ఆయన ఒక్కమాటంటే మరుసటి వారం నేను రాయచోటి బస్టాండులో. మీ అమ్మ హాస్టల్లో, నేను పంపితేనే ఆమె ఫీజు. ఇటుపక్క కోడీ, నా ఉగ్గాని తిన్న పిల్లోడు. కండ్లముందర మాత్రం అదే కనపడతాంది, నేల సూసిన ఆ తల. నేను బూట్లు సూసుకుంటా నిలబడినా. దొరల ముందర మేం అట్లనే గదా నిలబడేది.

డేల్ సార్ మెల్లగా అన్యాడు. "తల ఎత్తు. నా మొహం సూసి చెప్పు. వాని మనసు సంగతి అడగలా నిన్ను. నువ్వు ఏం సూసినావో అది చెప్పు."

"హెడ్ డౌన్ సార్," అన్యా. "ఐ సా." అంతే వచ్చింది ఇంగ్లీషు. మళ్ళా, "గుడ్ బాయ్ సార్, వెరీ గుడ్ బాయ్" అని కూడా అన్యా. అదీ నిజమే గదా.

డేల్ సార్ తల ఊపినాడు. "మంచోడని నాకూ తెలుసు. తీర్పు నాది, నీది కాదు, నువ్వు భయపడొద్దు" అని, కోడీని బయటికి పంపించినాడు. గ్లెన్ సార్ అరిచినాడు సూడు, "మనసు తెలీకుండా ఎట్ల పంపిస్తావ్?" అని. అదే మా రాజన్న వాదన, ఇంగ్లీషులో! డేల్ సార్, "తెలీనప్పుడు నేను దెబ్బతిన్న మెడపక్కే నిలబడతా" అన్యాడు. ఆ మాట ఆనందం గారు తర్వాత మాకు తెలుగులో చెప్పినాడు.

ఇంకో తమాషా విను. కర్ర నేను పీకేసినా గదా, బంతి యాడుండాలో ఎవరికీ తెలీదు. రాజన్న మోచేతులు తుడుసుకుంటా, "నేను పడ్డకాడ గుర్తువెట్టుకోండ్రి సార్" అంటాడు. ఆనందం గారు అదే ఆయనకు ఇంగ్లీషులో చెప్పినాడు. డేల్ సార్ అంత కోపంలోనూ నవ్వినాడు.

గ్లెన్ సార్ నా మొహం సూళ్ళా. "యల్లా, ఇంటికి" అన్యాడు, యల్లా అంటే అరబ్బీలో పదమని. బండి కాడికి పోయినాం. జేబులో చెయ్యి పెట్టినా. తాళాలు యాడుండాయి? జేసన్ పిడికిల్లో, క్లినిక్‌లో! ఆ మాట నేను ఆయనకు ఎట్ల చెప్పినానో ఆ దేవునికే తెలుసు. ఆయన ఆకాశం సూసినాడు.

ఆఖరికి ఆనందం గారి పాత డాట్సన్‌లో ఎక్కినాం. ఆరడుగుల దొర ముందర మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, యెనక నేనూ, భుజాల దిండ్లు కూడా ఇప్పని కోడీనీ. ఆనందం గారు బండి తోల్తా, "ఏసీ లేదండీ, ఏవనుకోకండి" అని తెలుగులో అంటాడు దొరతో.

క్లినిక్‌లో జేసన్ మెడకు పట్టీ. డాక్టరు ఎముక బాగుందన్యాడు, కొన్ని వారాలు ఆట వద్దన్యాడు. పిల్లోడు పడుకుని నా తాళాల గుత్తి గుండెలమీద పెట్టుకుని ఉండాడు. నర్సమ్మ మలబారు పిల్ల, "ఇదేం వైద్యం చేట్టా?" అని, చేట్టా అంటే వాళ్ళ బాసలో అన్నా అని, ఒకటే నవ్వడం. ఇనుముతో ఏమీ కాదని, ఇంకోసారి ఎవరినీ కదపొద్దని డాక్టరు నన్ను బాగానే తిట్టినాడు. తిట్టనీ. పిల్లోడు బతికుండాడు గదా, ఆ తిట్లు నాకు అక్షింతలే.

కోడీ మంచం కాడ నిలబడి ఏడ్సినాడు. "నాకు భయమేసింది. కండ్లు మూసుకుని తల దించేసినా. నిన్ను సూళ్ళేదు" అన్యాడు. ఆ మాట వాళ్ళ నాయన యెనకనుంచి విన్యాడు. రాజన్న పిడుగు మాట సరిపోయింది, నా పొట్టేలు ఓడిపోయింది. అయినా మెడకు ఏం తెలుసు పాపా, కోపంతో పొడిచినారా భయంతో పొడిచినారా అని? గ్లెన్ సార్ అక్కడే స్టూలు మీద కూలబడినాడు. "భయపడొద్దని నేనే చెప్తాంటి" అని సన్నగా అన్యాడు. నాకు జాలేసింది ఆయన మీద.

పోయేటప్పుడు ఆయనే జేసన్ దగ్గర తాళాలు అడిగి తీసుకున్యాడు. నేను అప్పటికీ నేలమీద గచ్చు సూసుకుంటాండా. తాళాలు నా చేతిలో పెట్టి, "సుబ్బయ్యా, తల ఎత్తు. నువ్వు సూసి తోల్తేనే గదా మేం ఇంటికి పోయేది" అన్యాడు. నా కండ్లు నిండినాయి. ఇప్పుడు కూడా, సూడు...

ఆ తర్వాత సాయంత్రాలు గ్లెన్ సార్ తోటలో దిండు పట్టుకుని నిలబడేవాడు, కోడీ తల ఎత్తి భుజంతో గుద్దేవాడు. దూదంతా రాజన్న మొక్కలమీద. వాని తిట్లు నువ్వు వినల్ల!

నీ హాస్టల్ పిల్లోళ్ళు అలుగుతారనేగా నీ భయం? అలగనీ. ఆ క్లినిక్ నుంచి మైదానం కాడికి పోయి, మా బండి తీసుకుని ఇంటికి పోయేటప్పుడు కోడీ యెనక సీట్లో కూర్చున్యాడు పాపా. అన్నేండ్లలో మొదటిసారి. నాకు ప్రాణం పోయినట్లయింది. మరుసటి తెల్లారి స్కూలుకు పోవల్ల. యెనక తలుపు తీసినాడు. కాసేపు నిలబడినాడు. ధడేల్మని మూసి, ముందరకొచ్చి నా పక్కన కూర్చుని, చెయ్యి సాపినాడు. "ఉగ్గాని?"

డబ్బా అంతా ఇచ్చేసినా.

పో తల్లీ, సల్లగుండు. రేపు విజిల్ గట్టిగా ఊదు, తల ఎత్తి ఊదు. పోతా పోతా మీ అవ్వను లేపు... బొరుగులు నానబెట్టమని చెప్పు, ఎందుకో ఇప్పుడు తినాలనిపిస్తాంది...