టోపీ వెనక దీపం

ఇంట్లో ఉన్నవన్నీ, చివరికి పెళ్ళి ఉంగరం కూడా అమ్మేసిన చెల్లెలు ఔరిస్తెలా, బహుమతి వచ్చిన ఆ ఒక్క టోపీని మాత్రం ఇరవై ఆరేళ్ళుగా ఎందుకు అమ్మలేదన్న సందేహం పస్తోరాకి ఇంతవరకూ తీరలేదు. మోంతెక్రిస్తి ఊళ్ళో, చెల్లెలి ముందుగదిలో, ఎండ ఎక్కకముందే అక్కాచెల్లెళ్ళిద్దరూ టోపీ అల్లే పాఠం వీడియో తీయడానికి దీపాలు సర్దుకుంటున్నారు.

"ఆ దీపం ఎదురుగా పెట్టక్కా. పక్కన పెట్టావేం?"

"ఎదురుగా పెడితే అల్లిక చుట్లు కనబడవు, ఔరీ. గోడకి సున్నం కొట్టినట్టు అంతా ఒకటే తెలుపు. వెలుగు పక్కనుంచి పడాలి. అసలు కిటికీ చాలు."

"కిటికీ చాలితే టోపీల సంఘం వాళ్ళు రెండు దీపాలెందుకు పంపించారు?"

"పంపినవన్నీ వెలిగించాలా? ముందు ఆ పచ్చబల్బు ఆర్పెయ్. కిటికీ వెలుగు తెలుపు, అది పసుపు. రెండూ కలిసి టోపీ అల్లే పోచకి కామెర్లొచ్చినట్టుంది."

"ఆర్పాను. కుర్చీ మీద దుప్పటేమిటి, ఆరేశావా?"

"కిటికీకి ఎదురుగా తెల్లగుడ్డ ఉంటే వెలుగు తిరిగొచ్చి ఇటు పడుతుంది. చేతి నీడ పల్చబడుతుంది."

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"నలభై ఏళ్ళు కిటికీ పక్కన కూర్చుని అల్లాను. వెలుగు ఎటు పడితే తప్పు కనిపిస్తుందో ఇంకొకరు చెప్పాలా?"

"సరే మేస్త్రీగారూ. ఇప్పుడు విను. ముందు నేను కూర్చుని నమస్కారం చెప్తాను. ఆ తర్వాత చేతులు. నీ చేతులు మాత్రమే. ఫోను మోచేతులు దాటి పైకి రాకూడదు."

"నా మొహం కనబడితే ఏం, చూసేవాళ్ళు జడుసుకుంటారా?"

"అది కాదక్కా. సంఘం వాళ్ళు పాఠాలకి ఎంచుకున్నది నన్ను. టోపీల పోటీలో మొదటి బహుమతి నాది కదా. నా చేతులు వణుకుతున్నాయని తెలిస్తే ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"అందుకని నా చేతులు, నీ పేరు."

"ఒక తల్లి కడుపున పుట్టిన చేతులేగా."

"ఆహా. అది పనప్పుడే గుర్తొస్తుంది నీకు."

"భూకంపంలో నీ ఇల్లు కూలితే ఎవరు తెచ్చి పెట్టుకున్నారు నిన్ను?"

"నువ్వే. ఎప్పుడూ ఆదివారం గుర్తు చేసేదానివి. ఈ వారం మంగళవారమే చెప్పేశావు."

"నీతో మాట్లాడ్డం నాది బుద్ధితక్కువ. వెనక గోడ బోసిగా ఉంది. బహుమతి టోపీ కనబడాలని సంఘం పిల్ల మరీమరీ చెప్పింది. పైనున్న అద్దాలపెట్టె దించి ఆ బల్ల మీద పెట్టాను, చూడు."

"చూస్తున్నా. అది కిందికి దిగడం ఇదే మొదటిసారి. టోపీ బయటికి తియ్యనా?"

"వద్దు! అద్దాలపెట్టెతోనే ఉండనీ."

"అద్దం మెరుస్తోంది. ఫోన్లో చూడు. దీపం, దుప్పటి, నేను, అందరం అందులోనే ఉన్నాం."

"నువ్వు కాస్త వంగు."

"వంగితే అల్లేదెలా? నా మొహం కనబడకూడదన్నావు. కనబడుతోంది మరి."

"...సరే, తియ్యి. గోడకి ఆనించి పెట్టు."

"గోడకి ఆనిస్తే తిరగేసిన పళ్ళెంలా ఉంటుంది. రెండో దీపం దీని వెనక పెడతాను. చుట్లు చుట్లుగా వెలుగుతుంది. కొనేవాళ్ళు ఎండకి ఎత్తి చూసేది అందుకేగా."

"వేడికి పోచ పెళుసెక్కి విరిగిపోతుంది."

"ఇది చల్లదీపం. ముట్టుకు చూడు."

"వద్దంటున్నానా!"

"ఎందుకు?"

"పాతది. పాడవుతుంది."

"పాతదని నువ్వు దేన్ని దాచావు కనక? అమ్మ కుట్టుమిషను అమ్మావు. నాన్న టోపీలల్లే దిమ్మ అమ్మావు. ఇటలీ ఆయనొచ్చి ఇల్లు కట్టుకునేంత ఇస్తానన్నా దీన్ని మాత్రం—"

"అక్కా, మీట వెయ్యకు!"

"వేశాను."

"అంత దగ్గరగా వంగి ఏం చూస్తున్నావక్కా?"

"ఇలా రా, ఔరీ."

"ఇక్కణ్ణుంచి కనబడుతోంది."

"ఏం కనబడుతోంది?"

"టోపీ."

"టోపీ నడినెత్తిన, అల్లిక మొదలైన చోట?"

"పోచ ముదిరి నల్లబడింది. అంతే. రెండు పోచలు."

"అవును, రెండే. ఒకటి నిలువు, ఒకటి అడ్డం. మన పోచ ఎన్నేళ్ళయినా దంతంలా అవుతుంది గానీ నల్లబడదు. ఇది మట్టల ఆదివారం నాడు గుడిలో ఫాదర్ దీవించి ఇచ్చిన మట్ట. గోటితో చీల్చి, సిలువలా పెట్టి, దాని చుట్టూ అల్లడం మొదలుపెట్టాను. నా కొడుకు లూసియోకి జ్వరం తలకెక్కిన రోజది. బిడ్డని బతికించు తల్లీ, ఈ టోపీ నీదే అని మాతకి మొక్కుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా."

"అమ్మకి చెప్పి ఉండాల్సింది."

"ఏమన్నావు?"

"చెప్పి ఉంటే నేను ముట్టుకునేదాన్ని కాదు. నువ్వు బిడ్డతో నలభై రోజులు పోర్తోవియెహో ఆసుపత్రిలో ఉండిపోయావు. నాలుగు వేళ్ళ మేర అల్లిన టోపీ నీ బట్టలపెట్టెలో ఉంది. అంత సన్నటి పని అప్పటిదాకా నా చేతికి రాలేదక్కా. ఊరికే చూద్దామని తీశాను."

"చూద్దామని."

"ఒక చుట్టు వేశాను. కలిసిపోయింది. ఇంకోటి వేశాను."

"నేనొచ్చి నా పెట్టెలో టోపీ లేదే అంటే ఏమన్నావు?"

"ఇప్పుడవన్నీ..."

"అమ్మ ముందు ఏమన్నావు, ఔరీ?"

"నువ్వే పట్నం పట్టుకుపోయి అమ్ముకున్నావన్నాను."

"అమ్మ నమ్మింది. తను ఉడికించి, పొగేసి, ఏడాదంతా ఏరి నాకిచ్చిన సన్నపోచ అది. ఆ తర్వాత పోయేదాకా నా చేతికి సన్నపోచ ఇవ్వలేదు. నీకు సన్నది, నాకు ముతక. సంతలో గుట్టగా పోసి అమ్మే టోపీలు అల్లుకుంటూ వచ్చాను. బహుమతి రోజున లూసియోకి మళ్ళీ జ్వరమొచ్చి, నేను రాలేదు. వచ్చేసరికి టోపీ అంత ఎత్తున, అద్దాల వెనక ఉంది. అమ్మ దానికి దణ్ణం పెడుతోంది!"

"ఇటలీ ఆయన దాన్ని ఎండకి ఎత్తాడు. అప్పుడే చూశాను సిలువని. ఇది మాతదని తెలిసిపోయింది. అమ్మితే చేతులు పడిపోతాయని భయమేసింది. అమ్మలేదు. అయినా ఏం లాభం, చూడు, ఎలా వణుకుతున్నాయో."

"మాత చేతులు పడగొట్టదు. అరవై నిండాయి, అంతే."

"నీకెలా తెలుసు?"

"తెలీదు. నేనూ అలాగే భయపడ్డాను కదా. లూసియో దగ్గితే చాలు, మొక్కు తీర్చలేదు, తీసుకుపోతుందేమో అనుకునేదాన్ని. వాడికి ముప్ఫై ఏళ్ళు. ఇప్పటికీ మాంతా రేవులో పడవెక్కాడంటే నాకు నిద్రుండదు. బిడ్డని బతికించిన తల్లి టోపీ కోసం మళ్ళీ చంపుతుందా అని అడుగుదామనుకుంటాను. అడగలేను."

"ఇంకో టోపీ ఇచ్చేయాల్సింది."

"ఈ టోపీ అని మొక్కాను. ముతకది తీసుకెళ్ళి ఇదే అదని చెప్పమంటావా? అది నీకొచ్చిన విద్య."

"...దీపం ఆర్పెయ్యక్కా."

"ఆర్పను."

"సంఘం వాళ్ళకి చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను? నువ్వే చెప్తావు. ఫోను అదుగో."

"పాఠాలు పోతాయి. ఇద్దరం ఏం తింటాం?"

"ముతకటోపీలు అల్లుకుని తింటాం. రాకపోతే నేర్పుతాను."

"కుర్చీ ఎక్కడ వేసుకోను?"

"కిటికీకి ఎడమగా కూర్చో. కళ్ళజోడు కాస్త దించు, మెరుస్తోంది. ఊఁ."

"నమస్కారం. నా పేరు ఔరిస్తెలా. పాఠానికి ముందు ఒక్క మాట. మీరు చూడబోయే చేతులు నావి కావు. మా అక్క పస్తోరావి. నా వెనక వెలుగుతున్న టోపీకి బహుమతి నాకొచ్చింది. దాన్ని మొదలుపెట్టింది మా అక్క. మొక్కుకున్నది మాతకి. తీసుకున్నది నేను. అమ్ముకుందని మా అమ్మతో... మా అమ్మతో అబద్ధం... అక్కా, చాలదా?"

"కళ్ళు తుడుచుకో. తడి మీద వెలుగు చిట్లుతోంది. ఊఁ, కానివ్వు."

ఆదివారం, మాత గుడి మెట్ల మీద.

"ఫాదర్ నీతో ఏదో గుసగుసలాడాడు. ఏమన్నాడక్కా?"

"ఇన్నేళ్ళు ఆలస్యమెందుకైందమ్మా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చెల్లెలు భద్రంగా దాచిందన్నాను."

"కొట్టినా ఇంత నొప్పి పుట్టదు."

"తెలుసు."

"టోపీ మాత పాదాల దగ్గర పెట్టేశావుగా. మొక్కు తీరినట్టేనా?"

"మాతది తీరింది."

"...సంఘం వాళ్ళు ఫోను చేశారటగా? నాకెవరూ చెప్పలేదు."

"వీడియో చూశారు. పాఠాలు నన్ను చెప్పమన్నారు, మొహంతో సహా. రేపు ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాలి."

"మరి నేనక్కా? నేనేం చేయను?"

"నువ్వు దీపం పట్టుకో."