రెండోవైపు కడ్డీ

యాప్రాల్ ఫ్లాట్‌లో ఆదివారం పొద్దున్న, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తండ్రి అరచేతిలో ఇమిడిపోయే గూడ్సు రైలు పెట్టె నమూనాకు రంగు వేస్తున్నాడు. వీణ నేర్చుకుంటున్న కూతురు వచ్చి పక్కన నిలబడింది.

"అచ్చం నిజం పెట్టెలాగే ఉంది నాన్నా! తుప్పు కూడా పట్టించేశావే!"

"బొల్లారం స్టేషన్లో చూసిందేనమ్మా. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

"మనుషులు పట్టుకుని ఎక్కే ఈ కడ్డీ దేంతో చేశావు?"

కడిగిన కుంచెనే ఆయన మళ్లీ కడిగాడు.

"ఏదో తీగలేమ్మా. రాణీగంజ్ బజార్లో దొరికిన తీగ మరీ లావుగా ఉంది. అందుకని..."

"నా వీణ తీగంత సన్నగా ఉంది."

ఆయన రంగు సీసా మూత బిగించాడు.

"మొన్న తీగ బిగించే బిరడా ఎక్కువ తిప్పి నేనే తెంపేశానని అమ్మ పిన్నీవాళ్ల ముందు తిట్టింది కదా. నువ్వక్కడే పేపరు చదువుతున్నావు."

"చదవట్లేదమ్మా."

"తెలుసు. ఒక్క పేజీ కూడా తిప్పలేదు."

"మరి... నువ్వు తెంపలేదని అమ్మకెందుకు చెప్పలేదు?"

"బిగిసి తెగిన తీగ కొస చుట్టుకుపోతుంది నాన్నా. వీణకు మిగిలిన ముక్క కొస కత్తిరించినట్టు ఉంది. మనింట్లో కటింగ్ ప్లయర్ ముట్టుకునేది నువ్వే. చెప్తే పిన్నీవాళ్ల ముందు నిన్ను తిట్టేది."

ఆయనకు తలెత్తి కూతురి మొహం చూడడానికి ధైర్యం చాలలేదు. ఆమె మెల్లగా గుప్పిట విప్పింది.

"అమ్మ పారేయమంటే మిగతా ముక్క దాచాను. రెండోవైపు కడ్డీ ఇంకా పెట్టలేదుగా?"