టార్పాలిన్ కప్పు

మునిసిపాలిటీ ఇంజనీరు గుమ్మంలో నిలబడి పైకి చూశాడు. పేదల ఇళ్ళ పథకంలో లేచిన నాలుగు గోడల మీద నీలం టార్పాలిన్ గాలికి ఉబ్బుతోంది.

"శ్లాబు డబ్బు ఎప్పుడొస్తుంది సారూ?" అని అడిగింది ఆ ఇంటావిడ.

"రాదమ్మా. మీ ఇంటికి శ్లాబు వేయడం అయిపోయిందని ఆఫీసులో రాసేసుకున్నారు."

"ఎవరు వేశారట, దేవతలా?"

"పోయినసారి నేను తీసిన ఫొటోలో ఈ టార్పాలిన్ పడింది. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు దాన్నే కప్పు అనుకున్నారు."

"కాదని మీరు చెప్పలేదా?"

"చెప్పాను. కప్పు లేనట్టు కనపడేలా మళ్ళీ ఫొటో తెమ్మన్నారు."

"ఈ మాత్రానికి మొహం వేలాడేస్తారేం? ఇప్పుడే విప్పేస్తాను, తీసుకోండి."

"ఫొటో ఒక్కటే చాలదమ్మా. తనిఖీవాళ్ళు వచ్చి కళ్ళారా చూడాలి. అందాకా విప్పే ఉంచాలి."

"ఎప్పుడొస్తారు?"

"ఈ వారంలోనే అన్నారు. ఏ రోజో చెప్పలేదు."

ఆమె మంచం పట్టిన అత్తగారి వైపు చూసింది.

"ఈలోగా వాన పడితే?"

"పడితే ఒకందుకు మంచిదే. మీరు తడుస్తూ కనపడితే తొందరగా సంతకం పెడతారు."

ఆ మాట తన నోట ఎంత మామూలుగా వచ్చిందో విని అతనికే సిగ్గేసింది. ఆమె నాలుగు తిడితే బాగుండుననుకున్నాడు.

ఆమె తిట్టలేదు. స్టూలెక్కి మొదటి ముడి విప్పుతూ అంది:

"అత్తయ్యా, గొడుగు దగ్గర పెట్టుకోండి. ఫొటో తీసేటప్పుడు మాత్రం తెరవకండి. అదీ కప్పే అంటారు."